పెట్టెలో బంగారం ఎవరిది?

మా చిన్నాడి ఆరో పుట్టినరోజుకి వచ్చిన బహుమతుల్లో ఒక సముద్రపు దొంగల బొమ్మల పుస్తకం ఉంది. ఎవరిచ్చారో తెలీదు, వాడు కాగితం చింపేసే హడావుడిలో పేరున్న చీటీ కూడా చింపేశాడు. (ఇచ్చినావిడ ఇది చదువుతుంటే గనక: పుస్తకం చాలా బాగుందండీ. పోట్లాటకి రావడం లేదు.)

ఆ పుస్తకం వచ్చిన వారం రోజులూ మా ఇంట్లో శాంతి లేదు. నా నల్ల జాకెట్టు గుడ్డ కంటికి అడ్డంగా కట్టుకున్నాడు. అత్తయ్యగారి నేత చీర మంచానికి తెరచాప అయింది. మా వారి షేవింగ్ డబ్బా పీపా అయింది. నాలుగో రోజు పొద్దున్న పోపులోకి కరివేపాకు తుంపుదామని బాల్కనీలోకి వెళితే కుండీ బోర్లా పడి ఉంది, మొక్క వేళ్ళతో సహా బయట, పక్కన గరిటె పట్టుకుని మా వాడు. "ఇక్కడ ఇంటూ మార్కు ఉందమ్మా" అన్నాడు. ఆ మార్కు వాడు పెట్టిందే, క్రేయానుతో.

అత్తయ్యగారు మాత్రం తెగ ముచ్చటపడిపోయారు. "లంకెబిందెలు దొరికాయా నాన్నా?" అని అడిగారు. లంకెబిందెలంటే ఏంటని వాడు అడగడం, ఆవిడ మధ్యాహ్నం నిద్ర మానేసి చెప్పుకురావడం. రెండు బిందెలు గొలుసుతో కలిపి ఉంటాయట, లోపల బంగారు కాసులట, పైన పాము చుట్టుకుని ఉంటుందట. రాసిపెట్టి ఉన్నవాళ్ళకే దొరుకుతాయట. కానివాళ్ళు తవ్వితే భూమిలోనే ఘల్లుఘల్లుమంటూ పక్కకి జరిగిపోతాయట. "ఎందుకు జరిగిపోతాయి మామ్మా?" "వాళ్ళవి కావు కదరా మరి!"

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

మా అపార్ట్‌మెంట్లో సాయంత్రం పిల్లల్ని ఆడించడానికి కిందకి దిగే అమ్మలం ఓ అయిదారుగురం ఉన్నాం. కుండీ సంగతి చెప్పి నవ్వుతుంటే ఒకావిడ సీరియస్ అయిపోయింది. "ఆ పుస్తకం తీసి అవతల పారేయండి. దొంగలు హీరోలట, కత్తులట, రమ్ము సీసాలట. ఏం నేర్చుకుంటారు పిల్లలు?" అని. ఇంకొకావిడ, "కథే కదండీ, మన చిన్నప్పుడు చదవలేదా? మనమేం దొంగలమయ్యామా?" అంది. ఇద్దరిలో ఎవరిది రైటని అడిగితే, ఆ పూట నేను రెండో ఆవిడ వైపే ఉన్నాను. ఇప్పటికీ పుస్తకం పారేయాలని అనను. కానీ "కథే కదా" అని తేలిగ్గా వదిలేయడానికీ నాకు మనసొప్పడం లేదు. ఎందుకో చెప్తాను.

దొంగతనం కథల్లో ఉండకూడదంటే మనం ముందు చిన్నికృష్ణుణ్ణి ఇంట్లోంచి పంపేయాలి. వెన్న దొంగ కథ చెప్పకుండా తెలుగింట్లో పిల్లాణ్ణి పెంచగలమా? కృష్ణాష్టమికి అదే వేషం వేసి ఫొటోలు తీసి గ్రూపుల్లో పెడతాం. అయితే ఆ కథలో ఒక సంగతి గమనించండి. గొల్లభామలు ఊరుకోరు. గుమ్మం ముందుకి వచ్చి నిలబడతారు. మా ఇంట్లో కుండ పగలగొట్టాడు, మా పాలన్నీ దూడలకి వదిలేశాడు, నీ కొడుకుని అదుపులో పెట్టుకో అని యశోదని నిలదీస్తారు. కథ విన్న పిల్లాడికి దొంగ మీద ఎంత ముద్దు వస్తుందో, వెన్న పోయినవాళ్ళు ఉన్నారని కూడా అంతే తెలుస్తుంది.

సముద్రపు దొంగల పుస్తకాల్లో ఆ గుమ్మం ముందుకి ఎవరూ రారు. పెట్టె నిండా బంగారం ఉంటుంది, అది ఎవరి నడుం మీదిదో, ఎవరి మెళ్ళోదో చెప్పే మనిషి ఏ పేజీలోనూ ఉండడు.

మచ్చుకి ఒకటి చెప్తాను. మెలిండా లాంగ్ రాసి డేవిడ్ షానన్ బొమ్మలు వేసిన 'హౌ ఐ బికేమ్ ఎ పైరేట్' అని 2003లో వచ్చింది. అమెరికా పిల్లలకి బాగా తెలిసిన పుస్తకం. జెరెమీ జేకబ్ అనే పిల్లాడు బీచిలో ఇసక కోట కట్టుకుంటుంటే దొంగల ఓడ వస్తుంది. పెట్టె పాతిపెట్టాలి, గోతులు బాగా తవ్వేవాడు కావాలని వీణ్ణి తీసుకుపోతారు. ఓడలో పళ్ళు తోముకోనక్కర్లేదు, కూరలు తిననక్కర్లేదు, బుద్ధిగా ఉండక్కర్లేదు. అబ్బ, స్వర్గం! తీరా రాత్రయ్యేసరికి దుప్పటి కప్పేవాళ్ళు లేరు, కథ చదివేవాళ్ళు లేరు, పైగా తుఫాను. వాడికి ఇల్లు గుర్తొస్తుంది. ఒక తల్లిగా ఆ పుస్తకానికి దణ్ణం పెట్టొచ్చు, అంత చక్కగా పిల్లాడి మనసు పట్టుకున్నారు. చివరికి పెట్టెని వాళ్ళింటి పెరట్లోనే పాతిపెడతారు. ఆ పెట్టె ఎక్కడినుంచి వచ్చిందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. అడిగే ఆలోచన నాకూ రాలేదు లెండి, నాలుగోసారి చదివేదాకా.

నా చిన్నప్పుడు కూడా రాలేదు. ఇంటర్ సెలవుల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకుని 'కాంచనద్వీపం' చదివాను. నండూరి రామమోహనరావు గారు స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్'ని తెలుగు చేశారు కదా, అది. ఇవాళ మన పిల్లలు గీసే దొంగ బొమ్మకి, భుజం మీద చిలక, ఒంటికాలు, నిధి ఎక్కడుందో గుర్తులు పెట్టిన పటం, వీటన్నిటికీ పుట్టిల్లు ఆ పుస్తకమే. 1881లో స్కాట్లాండులో వాన పట్టుకుని ఇంట్లోంచి కదలడానికి లేని రోజుల్లో, సవతి కొడుకుతో కూర్చుని బొమ్మలేస్తూ ఆయన ఒక దీవి పటం గీశాడట. పటం ముందు, కథ తరవాత. పుస్తకంగా వచ్చింది 1883లో. అంటే వాన రోజున పిల్లాణ్ణి ఊరుకోబెట్టే అవస్థలోంచే పుట్టింది, మన అవస్థే.

అందులో ఆడవాళ్ళు దాదాపు లేరు. ఉన్న ఒక్కావిడ జిమ్ తల్లి, పూటకూళ్ళ సత్రం నడుపుకునే మనిషి. అద్దె బాకీ ఉన్న పాత దొంగ చచ్చిపోతే తల్లీకొడుకులు అతని పెట్టె తెరుస్తారు. దేశదేశాల నాణేలు కలగాపులగంగా ఉంటాయి. మిగతా దొంగలు ఏ క్షణాన్నయినా వచ్చి మీద పడతారు. ఆవిడ మాత్రం దీపం పెట్టుకుని, తనకి రావలసిన బాకీ వరకే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. అంతకి మించి ఒక్క కాసు వద్దంటుంది, రావలసింది వదలనూ వదలనంటుంది. చదివేటప్పుడు నాకు ఎంత చిరాకొచ్చిందో! దొరికింది మూటగట్టుకుని పరిగెత్తక ఈవిడ సోది ఏమిటని. ఇప్పుడు, పాలవాడి పుస్తకం, గ్యాసు బిల్లు, చీటీ పాటల లెక్కా రాసుకునే వయసులో చూస్తే, ఆ నవల మొత్తంలో నిధి ముందు కూర్చుని నాది ఎంత, పరాయిది ఎంత అని ఆలోచించిన మనిషి ఆవిడే. ఆ తరవాత కథ ఆవిణ్ణి పక్కన పెట్టేసి దీవికి వెళ్ళిపోతుంది.

ఇక నిజం దొంగల సంగతి. ఇది తెలిశాకే నాకు ఆ బొమ్మల పుస్తకాలు పాత చూపుతో చదవడం కష్టమైంది. వాళ్ళు దోచిన ఓడల్లో పేరు మోసినవి మన దేశానివే. 1695లో హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు దొంగ ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని పట్టుకున్నాడు. మక్కా యాత్ర చేసుకుని సూరత్‌కి తిరిగొస్తున్న జనం అందులో ఉన్నారు, ఆడవాళ్ళతో సహా. రోజుల తరబడి దోచుకున్నారు, ఆడవాళ్ళని చెరిచారు. మానం కోసం కొందరు సముద్రంలో దూకేశారని ఆ కాలం చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఎవ్రీ ఎప్పటికీ దొరకలేదు. వాడి మీద ఆ రోజుల్లోనే పాటలు కట్టారు, నాటకం ఆడారు. మూడేళ్ళకి, 1698లో, కెప్టెన్ కిడ్ కేరళ తీరం దగ్గర పట్టుకున్న క్వెడా మర్చంట్ కూడా మన దేశపు వర్తకుల సరుకుతో సూరత్ వెళ్తున్న ఓడే. బెంగాలు పట్టు, మస్లిన్లు, పంచదార. కిడ్‌ని 1701లో లండన్‌లో ఉరి తీశారు. అతను ఒక దీవిలో కొంత సొమ్ము పాతిపెట్టిన మాట నిజమే. పాతిపెట్టిన నిధి కథలన్నీ చాలావరకు ఆ ఒక్క గోతిలోంచే మొలిచాయి. మామూలు దొంగలు సొమ్ము పాతిపెట్టరు కదండీ, అమ్ముకుంటారు, తాగేస్తారు.

ఆ కాలంలో మన గోదావరి నేత బట్టలకీ అంత గిరాకీ ఉండేది. డచ్చివాళ్ళు పాలకొల్లులో, ఇక్కడ మన జగన్నాథపురంలో, ఇంగ్లీషువాళ్ళు ఇంజరంలో కొట్లు పెట్టుకుని కూర్చున్నది ఆ బట్టల కోసమే. కోరంగి, తాళ్ళరేవుల్లో ఓడలు కట్టేవారు. 1839 ఉప్పెన కోరంగిని ఊడ్చేసేదాకా అదొక పెద్ద రేవు. అంటే కథలో ఓడ ఎక్కి వచ్చేవాడి వైపు కాక, ఓడ కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్ళ వైపు ఉన్నవాళ్ళం మనం. నల్లగుడ్డ కట్టుకుని బాల్కనీలో గంతులేసే మా వాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఆరేళ్ళవాడికి గంజ్-ఇ-సవాయి కథ చెప్పమని నేను అనడం లేదు. అంత తెలివితక్కువదాన్ని కాను. కానీ చెప్పదగింది మన ఊరి పక్కనే ఉంది. నేను చెప్పకుండానే మా వాడే దాంట్లోకి వెళ్ళిపడ్డాడు.

2020 నవంబరులో నివర్ తుఫాను వెళ్ళాక ఉప్పాడ ఒడ్డున బంగారం దొరుకుతోందని టీవీల్లో వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. జనం వందల మంది ఇసక గీరుతూ కూర్చున్నారు. కొత్తవాళ్ళకి వింతగానీ మన వైపు అందరికీ తెలిసినదే, పెద్ద తుఫాను వచ్చిన ప్రతిసారీ జరిగేదే. గింజంత రేకు, పూస, ముక్కుపుడక ముక్క. అదెక్కడిదంటారా? ఏళ్ళ తరబడి సముద్రం ఉప్పాడని కోసుకుంటూ పోతోంది. ఇళ్ళు పోయాయి, గుళ్ళు పోయాయి. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో శక్తి కొద్దీ కాస్త బంగారం వేస్తాం కదా, అదీ పోయింది. జియో ట్యూబులతో గోడ కట్టారు, దాన్నీ కెరటాలు చీల్చేశాయి. కాకినాడ నుంచి వెళ్ళే బీచి రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు పోశారో లెక్కలేదు.

ఆ తరవాత వచ్చిన మరో తుఫాను వెలిసిన మర్నాడు మా వాడు బళ్ళో విని వచ్చాడు. "అమ్మా, ఉప్పాడలో నిజం నిధి ఉందంట." ఒకటే గొడవ. సరే చూపిస్తే వదులుతుందని సాయంత్రం స్కూటీ మీద తీసుకెళ్ళాను, జేబులో భూతద్దం, చంకలో ఆ పుస్తకం.

నీళ్ళు వెనక్కి తగ్గిన చోట ఆడవాళ్ళు, ముసలమ్మలు, పిల్లలు గొంతుక్కూర్చుని వేళ్ళతో ఇసక కెలుకుతున్నారు. కెరటం వస్తే లేవడం, పోతే కూర్చోవడం. ఎవరికో ఏదో తళుక్కుమంటే పక్కవాళ్ళు తలలు తిప్పి చూసి మళ్ళీ పనిలో పడుతున్నారు. కొంచెం అవతల సగం మిగిలిన ఇల్లొకటి ఉంది. సున్నం వేసిన గోడ, అందులో గూడు, కేలండరు తగిలించుకునే మేకు. మెట్లు ఉన్నాయి, పైన ఏం లేదు. మా వాడు పుస్తకం తెరిచి పేజీకి, ఒడ్డుకి మార్చి మార్చి చూశాడు. "వీళ్ళు దొంగలా అమ్మా?" అన్నాడు గట్టిగా. నాకు చచ్చేంత సిగ్గేసింది. దగ్గర్లో ఉన్న ముసలమ్మకి వినబడే ఉంటుంది, చూడలేదు పాపం.

వాడికి బంగారం దొరకలేదు. ఎర్ర గచ్చు ముక్కొకటి దొరికింది, అరచెయ్యంత, దాని మీద తెల్ల రంగుతో వేసిన ముగ్గు గీత సగం. అదే నిధి అనుకుని తెచ్చుకుని కిటికీలో పెట్టుకున్నాడు.

రెండు రోజులకి మాకు చేపలు తెచ్చే మామ్మ వచ్చింది. మాయాపట్నం వైపు ఆమె. ఆ వారం గంపలో కాసిని కానాగంతలు తప్ప ఏం లేవు. నేను బేరం ఆడకుండా తీసుకుంటుంటే వీడు ముక్క తెచ్చి చూపించాడు. "నిధి మామ్మా. ఉప్పాడలో దొరికింది." ఆమె చెయ్యి చెంగుకి తుడుచుకుని తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. "అరుగుది బాబూ ఇది. ఎవరిదో అరుగు" అంది. "పండక్కి రంగేసుంటారు."

"మీ ఇంటిదా?"

"మాది ఎప్పుడో ఎల్లిపోయిందయ్యా. మా కోడలు కాపరానికొచ్చిన ఏడాది."

వీడు కాసేపు ఆలోచించి, "పోనీ ఇది నువ్వు తీసుకో" అన్నాడు.

ఆమె నవ్వింది. "నేనేం చేసుకోను బాబూ, అరుగెట్టుకోడానికి ఇల్లుండాలి గదా" అని ముక్క వాడి చేతిలో పెట్టి, గంప ఎత్తమని నాకు సైగ చేసింది.

ఆ మాటకి జవాబు నాకూ తెలీదు, వాడికీ తెలీదు. ఆ రాత్రి పుస్తకం చదువుతుంటే పెట్టె తెరిచే పేజీ దగ్గర వాడు నా చెయ్యి ఆపాడు. బంగారు దండలు, కిరీటం, ముత్యాలు, గిన్నెలు. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి "ఇదెవరిది? ఇదెవరిది?" అని మొదలుపెట్టాడు. నాకు తోచినట్టు చెప్పుకుంటూ పోయాను. ఇది ఒక పెళ్ళికూతురిది, ఇది ఓ ముసలాయన మనవరాలికని కొన్నది, ఈ గిన్నె ఏదో గుడిది. వాడి ఉత్సాహం ఏమీ తగ్గలేదు. కథ పెద్దదైంది, అంతే. మర్నాడు మళ్ళీ కంటికి గుడ్డ కట్టుకున్నాడు, ఈసారి ఆటలో ఒక పోలీసు పడవ కూడా చేరింది.

అందుకే పారేయమన్నావిడతో నేను ఒప్పుకోనిది. పుస్తకం ఇంట్లో ఉండబట్టే కదా ఈ ప్రశ్న వచ్చింది. అయితే మా వాడికి ఉప్పాడ ఉంది, చేపల మామ్మ ఉంది. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో పదో అంతస్తులో పెరిగే పిల్లకి ఆ పేజీ ఒక్కటే ఉంటుంది. రాసేవాళ్ళ బాధ్యత అక్కడ. ఎవరో ఒకరు పెట్టె కోసం వెతుక్కుంటూ రావాలి. రెండు పేజీలు చాలు. గొల్లభామల్లాగా వచ్చి ఓడ కింద నిలబడి నాలుగు కేకలు వేసినా చాలు, పిల్లలు పడీపడీ నవ్వుతారు కూడా.

అసలు మనకి అలాంటి కథకి వస్తువు లేకనా? కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు, తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం లాగేసుకునేవారట. ఈయన, ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ళ సొమ్ము వాళ్ళదే, మాకు రావలసిన సుంకం చాలు అన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. జిమ్ వాళ్ళమ్మ లెక్కే! సముద్రం తెచ్చి కాళ్ళ దగ్గర పడేసిన బంగారాన్ని ముట్టుకోనన్న రాజు కథకి ఓడలుంటాయి, తుఫాను ఉంటుంది, ఏనుగు ఒడ్డుకి ఈదుకొచ్చే బొమ్మ వేసుకోవచ్చు. మన తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు అందంగా వేస్తున్నవాళ్ళు ఉన్నారు. ఎవరైనా ఇది వేస్తే మొదటి పది కాపీలు నేను కొంటాను, పుట్టినరోజులకి పంచడానికి పనికొస్తాయి.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను, మా వారు గుర్తుచేశారు. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలట. మా కరివేపాకు కుండీ విషయంలో ఇబ్బంది లేదు, మొక్క బతికింది, నిధి దొరకలేదు.

వచ్చే ఆదివారం కింద ఫ్లాటు పాప పుట్టినరోజు. పారేయమన్న ఆవిడ కూతురే. ఏమివ్వాలని మా వాణ్ణి అడిగితే ఇంకేం చెప్తాడు, దొంగల పుస్తకమే అన్నాడు. వాళ్ళమ్మ ఊరుకోదురా అంటే, "పెట్టె ఎవరిదో నేను చెప్తాలే తనకి" అన్నాడు. కొన్నాను. కట్టి ఉంచాను. ఇస్తానో లేదో ఆదివారం దాకా చూడాలి.

గచ్చు ముక్క ఇంకా కిటికీలోనే ఉంది. చేపల మామ్మ వచ్చినప్పుడల్లా గంప దించుతూ "ఉందా బాబూ నీ నిధి?" అని అడుగుతుంది. వీడు పరిగెత్తుకెళ్ళి తెచ్చి చూపిస్తాడు.